విండోస్ 11లోకి మారాక అప్‌గ్రేడ్ సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. అప్పట్నుంచి బెంగళూరులో మన తెలుగువాళ్ల చిన్న ఆఫీసులు ఒక్కొక్కటే విండోస్ 11లోకి మారుతున్నాయి. సుల్తాన్‌పేట, అవెన్యూ రోడ్డు సందుల్లో పెళ్లికార్డులు చేసే డీటీపీ షాపులవాళ్లు, కేఆర్ పురంలో జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్లు, మారతహళ్లిలో పీజీలు నడిపేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "విండోస్ మారింది, బానే ఉంది. మరి మా సాఫ్ట్‌వేర్ల సంగతేంటి?"

విండోస్ మార్చడం పెద్ద పనేం కాదు. దాని మీద మీ పాత సాఫ్ట్‌వేర్లను, అందులోనూ అప్‌గ్రేడ్ ధరకి కొన్నవాటిని మళ్లీ నిలబెట్టడంలోనే ఉంది తిప్పలంతా. ఆ పనికో వరస ఉంది. అది తప్పితే డబ్బు పెట్టి కొన్న లైసెన్సు కూడా మొండికేస్తుంది.

అప్‌గ్రేడ్ కాపీ పూర్తి ధర పెట్టి కొన్నది కాదు. మీ దగ్గర పాత వెర్షన్ ఉందన్న నమ్మకంతో తక్కువకి ఇచ్చింది. పాత రేషన్ కార్డు చూపిస్తేగానీ కొత్తది చేతికివ్వనట్టు, ఇది కూడా పాతదాని రుజువు అడుగుతుంది. అడిగే తీరు సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. కొన్ని సిస్టమ్‌లో పాత వెర్షన్ ఉందా అని వెతుకుతాయి, లేకపోతే అక్కడితో ఆగిపోతాయి. కొన్ని పాత సీడీ పెట్టమంటాయి. కొన్నింటికి పాత సీరియల్ నంబరు కొడితే చాలు. అడోబ్ క్రియేటివ్ సూట్ ఈ చివరి రకం: అప్‌గ్రేడ్ సీరియల్ కొట్టాక, ఏ పాత ప్రొడక్ట్ మీంచి వస్తున్నారో లిస్టులో ఎంచుకుని దాని సీరియల్ కూడా కొట్టాలి. పక్కన పచ్చ టిక్కు పడితేనే ముందుకు కదులుతుంది. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ గొడవే లేదు. లైసెన్సంతా మీ అకౌంట్‌లో ఉంటుంది, లాగిన్ అయితే చాలు. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి. పెట్టె మీదో బిల్లు మీదో 'అప్‌గ్రేడ్' అన్న మాట ఉందేమో చూడండి.

ఏ దారిన మారుతున్నారు?

దారులు మూడు. ఉన్న విండోస్ 10 మీదే 11ని ఎక్కించడం, డిస్కు ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయడం, అసలు కొత్త సిస్టమే కొనడం. మొదటి దారిలో సాఫ్ట్‌వేర్లు, లైసెన్సులు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. వీలుంటే ఆ దారే పట్టండి. ఎస్పీ రోడ్డులోనో మీ వీధి చివరి షాపులోనో సిస్టమ్ ఇస్తే, అడగా పెట్టకుండా ఫార్మాట్ కొట్టేసే అలవాటు చాలామందికి ఉంది. వాళ్లకి అది తేలిక, మీకు చేటు. ఇచ్చేటప్పుడే కన్నడలో గట్టిగా చెప్పండి: "ఫార్మాట్ మాడబేడి, అప్‌గ్రేడ్ మాత్ర మాడి" (ఫార్మాట్ చేయొద్దు, అప్‌గ్రేడ్ మాత్రమే చేయండి). బిల్లు మీద కూడా రాయించండి.

అన్ని సిస్టమ్‌లకీ ఈ దారి దొరకదు. విండోస్ 11కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు సెక్యూరిటీ ఏర్పాట్లు, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచీ, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 వరుస నుంచీ ప్రాసెసర్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ వేసి చూస్తే మీ సిస్టమ్ పనికొస్తుందో లేదో అదే చెబుతుంది. ఇంకో మెలిక: మీది 32 బిట్ విండోస్ 10 అయితే దాని మీద 11 ఎక్కదు, ఎందుకంటే విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు. కొత్తగా వేసుకోవాల్సిందే. సిస్టమ్ సరిపోలేదంటే కంగారు పడి ఆ రోజే కొత్తది కొనక్కర్లేదు. విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే స్కీము మామూలు వాడుకదారులకి ఉంది.

పాత సిస్టమ్ ఆపక ముందు

ఒక నోట్‌బుక్ తీయండి. కాగితం నోట్‌బుక్కే. సిస్టమ్‌లో రాసుకున్న చిట్టా ఆ సిస్టమ్‌తోపాటే పోతుంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒక పేజీ కేటాయించి వెర్షన్, సీరియల్ నంబరు, అప్‌గ్రేడ్ అయితే దాని పాతదాని సీరియల్ కూడా, కొన్న మెయిల్ ఐడీ, దానికి కట్టిన ఫోన్ నంబరు రాయండి. ఈ ఆఖరి రెండూ చాలామంది వదిలేస్తారు, ఇబ్బందంతా అక్కడే వస్తుంది. లైసెన్సు ఎప్పుడో మానేసిన కుర్రాడి జీమెయిల్ మీద ఉంటుంది. లేదా ఊరి నుంచి తెచ్చుకున్న పాత సిమ్ మీద ఉంటుంది. రీచార్జ్ చేయక ఆ నంబరు ఎప్పుడో పోయింది, ఓటీపీ వచ్చే దారి లేదు. పాత సిస్టమ్ నడుస్తుండగానే ఆ మెయిల్‌నీ ఫోన్‌నీ మీ పేరున మార్చుకోండి.

తర్వాత, పాత సిస్టమ్‌కి కట్టిపడి ఉన్న లైసెన్సులను దాన్నుంచి విడిపించండి. లెక్కలకి టాలీ వాడేవాళ్లు కొత్త సిస్టమ్‌కి మారుతున్నా, ఫార్మాట్ కొడుతున్నా, హెల్ప్ మెనూలోంచి లైసెన్స్ దగ్గరికి వెళ్లి ముందు సరెండర్ చేయాలి. ఇంటర్నెట్ ఉండాలి, అడ్మిన్ మెయిల్ పాస్‌వర్డ్ తెలిసుండాలి. అడోబ్ పాత సూట్లలో హెల్ప్ కిందే డీయాక్టివేట్ అని ఉంటుంది. అయితే ఒక్క మాట. సీఎస్2, సీఎస్3 యాక్టివేషన్ సర్వర్లను అడోబ్ ఎప్పుడో మూసేసింది. మీ షాపులో ఫొటోషాప్ సీఎస్3 ఇవాళ్టికీ నడుస్తోందంటే, దాన్ని డీయాక్టివేట్ చేయొద్దు, ఆ డిస్కు ఫార్మాట్ కొట్టొద్దు. మళ్లీ యాక్టివేట్ చేసే దారి ఉండదు. ఉన్నదాని మీదే విండోస్ 11 వేయడమో, ఆ సిస్టమ్‌ని అలాగే ఉంచడమో చేయండి.

డేటా తీసుకునేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లతో సరిపెట్టుకోవద్దు. పాత సాఫ్ట్‌వేర్లు తమ ఫైళ్లను ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలే రాయాలని చూస్తాయి. విస్టా నుంచీ విండోస్ అది ఒప్పుకోక, ఆ ఫైళ్లను గుట్టుగా ఇంకోచోటికి మళ్లిస్తుంది. సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ అని వెళ్లండి. యాప్‌డేటా కనిపించకపోతే వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కి టిక్కు పెట్టండి. ఏళ్ల తరబడి పెట్టుకున్న సెట్టింగులు, పార్టీల లిస్టులు, బిల్లు ఫార్మాట్లు ఒక్కోసారి అక్కడే దొరుకుతాయి. కాపీ తీసుకుంది వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

డీవీడీ డ్రైవు లేని కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? పాత సిస్టమ్‌లోనే మీ సీడీలను ఐఎస్ఓ ఫైళ్లుగా (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. విండోస్ 11లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కావాలంటే ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది.

ఎక్కించే వరస

ముందు విండోస్ అప్‌డేట్లన్నీ పూర్తిచేయండి. రీస్టార్ట్ అడిగిన ప్రతిసారీ చేయండి. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉండాలి. వానాకాలం సాయంత్రాల్లో బెస్కామ్ కరెంటుని నమ్ముకుని బయోస్ (మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మొదలుపెట్టకండి. ఆ తర్వాత డ్రైవర్లు: చిప్‌సెట్, గ్రాఫిక్స్, ప్రింటర్. ప్రింటర్ ముందే ఎందుకంటే, పేజ్‌మేకర్ లాంటి పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లు పేజీ కొలతలకి డిఫాల్ట్ ప్రింటర్ మీద ఆధారపడతాయి.

మూడోది, పాత సాఫ్ట్‌వేర్లు నిలబడే పునాది. స్టార్ట్‌లో వెతికి విండోస్ ఫీచర్స్ తెరిచి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5కి టిక్కు పెట్టండి. 2.0, 3.0 కూడా దాంట్లోనే వస్తాయి. విజువల్ సీ ప్లస్‌ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్స్ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకుని 32 బిట్, 64 బిట్ రెండూ వేయండి. సిస్టమ్ 64 బిట్ కదా, 32 బిట్‌ది ఎందుకని వదిలేయొద్దు. మీ పాత సాఫ్ట్‌వేర్ అడిగేది 32 బిట్‌దే. ఏదో డీఎల్‌ఎల్ ఫైల్ మిస్సింగ్ అని వస్తే, ఆ ఒక్క ఫైలూ ఇచ్చే సైట్ల జోలికి అస్సలు వెళ్లకండి. వైరస్‌లు సిస్టమ్‌లోకి దూరే దారుల్లో అదొకటి.

ఇక్కడ ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. తర్వాత ప్రోగ్రాములో సెట్టింగులో చెడితే ఇక్కడికి తిరిగి రావచ్చు.

ఇప్పుడు అసలు పని. పాత వెర్షన్‌ని వెతికే రకం అయితే ముందు పాతదే వేయాలి. దాన్ని ఒకసారి తెరిచి, సీరియల్ కొట్టి, మూసేయండి. తెరవకపోతే కొన్ని తమ రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకోవు, తర్వాత వచ్చే అప్‌గ్రేడ్‌కి అవి కనపడవు. పాతదాని ప్యాచ్‌లు ఉంటే అవి కూడా వేశాకే అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనాలి. అయినా మొరాయిస్తే ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి విండోస్ 7, అదీ కుదరకపోతే ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోండి. పాతకాలం సాఫ్ట్‌వేర్లను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా, సి డ్రైవ్‌లో మీరే ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేయడం నాకు నచ్చిన పద్ధతి. వర్చువల్‌స్టోర్ గొడవ చాలావరకు అక్కడే తీరిపోతుంది.

మెలిక ఇక్కడొకటి ఉంది. పాతది విండోస్ 11లో అసలు ఎక్కకపోతే? ఎక్కకపోతే అప్‌గ్రేడ్‌కి చూపించే రుజువే లేదు. అప్పుడు అప్‌గ్రేడ్ సెటప్‌నే నేరుగా నడిపి చూడండి. పాత సీడీయో సీరియలో అడిగే రకమైతే బతికిపోయినట్టే. వెతికే రకమైతే, పాత సిస్టమ్ ఇంకా విండోస్ 10లోనే ఉన్నప్పుడు అందులో రెండూ వేసి, ఆ పైన విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేయడం ఒక దారి. ఫార్మాట్ వద్దని అంతగా చెప్పింది అందుకే. లేదా బిల్లు స్కాన్ తీసి కంపెనీకి మెయిల్ పెట్టండి. బిల్లు చూసి పూర్తి కాపీ సీరియల్ ఇచ్చే కంపెనీలు లేకపోలేదు.

సెటప్ మీద నొక్కగానే ఈ యాప్ మీ పీసీలో నడవదు అని వస్తే అది 16 బిట్ ఇన్‌స్టాలర్ కావచ్చు. తొంభైలనాటి సీడీల్లో లోపలి సాఫ్ట్‌వేర్ 32 బిట్టే అయినా దాన్ని ఎక్కించే సెటప్ 16 బిట్‌గా ఉండేది. 64 బిట్ విండోస్ దేనిలోనూ 16 బిట్ ప్రోగ్రామ్ నడవదు, కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా లాభం లేదు. దానికి వర్చువల్ మెషీన్, అంటే మీ సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌లా నడిచే ఏర్పాటు, ఒక దారి. వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. అందులో మీ పాత 32 బిట్ విండోస్ 7ని, దాని కీతోనే వేసుకుని, ఇంటర్నెట్ కట్ చేసి వాడుకోండి. విండోస్ 11 ప్రో ఉన్నవాళ్లకి హైపర్-వీ దాంతోనే వస్తుంది, హోమ్‌లో రాదు.

తెలుగు ఫాంట్లు

డీటీపీ వాళ్లకి ప్రాణం పోయేది ఇక్కడే. అను ఫాంట్లతో టైప్ చేసిన మేటర్ యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ సిస్టమ్‌లో లేకపోతే కార్డు మీద 'శ్రీరస్తు, శుభమస్తు' ఉండాల్సినచోట ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు, డిగ్రీ గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. సుల్తాన్‌పేటలో మాకు తెలిసిన గుంటూరాయన ఒకరు అది చూసి ఫైళ్లన్నీ పాడైపోయాయనుకుని తల పట్టుకున్నారు. ఫైలుకి ఏమీ కాలేదు, ఫాంట్ వేస్తే మేటర్ తిరిగొస్తుంది. ఈలోపు కంగారులో ఆ ఫైలు మీద సేవ్ కొట్టొద్దు.

ఫాంట్ వేసే పద్ధతిలోనూ తేడా ఉంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచీ రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే ఆ ఫాంట్ ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది. పాత సాఫ్ట్‌వేర్లు చాలావాటికి అది కనపడదు. 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అన్నదే నొక్కండి. ఫాంట్లన్నీ వేశాక, వాటితో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ వేసి, మీకు అలవాటైన కీబోర్డు లేఅవుట్ ఎంచుకోండి. పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే స్క్రిప్ట్ మేనేజర్‌ని కూడా అలాగే నడపండి. పేజ్‌మేకర్ ఒక్కటే అలా నడిస్తే కీబోర్డు పలకకపోవచ్చు. పేజ్‌మేకర్ 7 తర్వాత అడోబ్ మరో పేజ్‌మేకర్ తేలేదు. దాన్ని లాక్కొస్తున్నన్నాళ్లు ఈ బాధలు తప్పవు. కొత్త అడోబ్ సాఫ్ట్‌వేర్లలోకి వెళ్తున్నవాళ్లు పాత పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్లను వదిలేయండి, 2023 జనవరి నుంచి అవి వాటిలో పనిచేయవు.

వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన పాత ఫైళ్లు తెరిస్తే లైన్లు అటూ ఇటూ జరిగి, పేజీలు పెరిగి కనిపిస్తాయి. ఎందుకంటే గౌతమి, వాణి ఇప్పుడు విండోస్‌తోపాటు నేరుగా రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, అందులోంచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ జోడించండి. నిర్మలా యూఐ ఎలాగూ ఉంటుంది. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రానివాళ్లు లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకోవచ్చు. 2019 మే అప్‌డేట్ నుంచీ అది విండోస్‌లోనే ఉంది.

టాలీ, డాంగిళ్లు, టోకెన్లు

టాలీ బెంగళూరు కంపెనీయే, తెలుగు మాట్లాడే పార్ట్‌నర్లు కూడా ఊళ్లో దొరుకుతారు. అయినా డేటా మాత్రం మీ చేత్తో మీరే కాపీ తీసుకోండి. డేటా ఫోల్డర్‌లో 10000 లాంటి అంకెల పేర్లతో ఉండేవే మీ కంపెనీలు. పాత టాలీ ఈఆర్‌పీ 9 నుంచి కొత్త టాలీప్రైమ్‌కి వెళ్తుంటే ఆ డేటా మైగ్రేట్ అవుతుంది. మైగ్రేట్ అయిన డేటాని పాత టాలీ మళ్లీ తెరవదు. అందుకని మైగ్రేషన్ కాపీ మీదే చేయండి, అసలు ఫోల్డర్‌ని ముట్టుకోవద్దు. కొత్త రిలీజ్ వేయడానికి ముందు మీ టీఎస్‌ఎస్ (టాలీ అప్‌డేట్ల చందా) గడువు చూసుకోండి. గడువు తీరాక వచ్చిన రిలీజ్‌కి మీ లైసెన్సు చెల్లదు.

డాంగిల్‌తో (లైసెన్సు కోసం పోర్టులో పెట్టే చిన్న పరికరం) నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే, డాంగిల్ పెట్టకుండానే ముందు డ్రైవర్ వేయండి. పాత డ్రైవర్‌ని విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ స్విచ్చి అడ్డుకోవచ్చు. ఆ స్విచ్చి ఆపేయమని ఇంటర్నెట్ నిండా సలహాలు దొరుకుతాయి. ముందు తయారీదారు సైట్లో కొత్త డ్రైవర్ ఉందేమో వెతకండి. ఆపడం అంటే సిస్టమ్‌కి ఉన్న ఒక తాళం తీసేయడమే, బ్యాంకు లావాదేవీలు చేసే సిస్టమ్‌లో నేనైతే ఆ పని చేయను. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కీ కొత్త డ్రైవరే వేయండి. పాస్‌వర్డ్ గుర్తులేక ఊరికే ప్రయత్నించకండి. వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అయిపోతుంది, రిటర్ను గడువు రోజున అలా జరిగితే ఆ తిప్పలు చెప్పనలవి కాదు.

పాతవి తీసేయొచ్చా?

అప్‌గ్రేడ్ బాగా నడుస్తోంది కదా, కింద ఉన్న పాత వెర్షన్ ఎందుకని అన్‌ఇన్‌స్టాల్ చేయబోతారు. ఆగండి. కొన్ని అప్‌గ్రేడ్లు పాతదాని ఫైళ్లు వాడుకుంటాయి, రిపేర్ చేసినప్పుడు మళ్లీ దాన్ని వెతుకుతాయి. స్థలం మరీ ఇరుకైతే తప్ప ఉండనివ్వండి.

ఉన్న విండోస్ మీదే 11 వేసినవాళ్లకి పాత విండోస్‌కి తిరిగి వెళ్లే అవకాశం 10 రోజులే ఉంటుంది. ఆ తర్వాత విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ని సిస్టమే తీసేస్తుంది. అందుకని ఆ 10 రోజుల్లో నెలాఖరు పనులన్నీ ఉత్తుత్తిగానైనా ఒకసారి చేసి చూసుకోండి: ఒక జీఎస్టీ బిల్లు ప్రింట్, ఒక డిజిటల్ సంతకం, పాత కార్డు ఒకటి తెరిచి కలర్ ప్రింట్, టాలీలో పోయినేడాది బ్యాలెన్స్ షీట్. ఏదైనా కుదరకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. వెనక్కి వెళ్లేముందు ఈ 10 రోజుల్లో చేసిన కొత్త ఫైళ్లను మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.